రెండు నూళ్ల తేడా

మంచం మొదలుపెట్టే ముందు మా నాన్న నా చేత పదకొండు అతుకులు చేయించాడు. పదకొండింటినీ నా చేతనే కోయించాడు.

ఆయన పద్ధతి అది. ఒక చెక్క చివరను నాలుకలా సన్నగా చెక్కితే దాన్ని కుసి అంటారు. అది దూరడానికి రెండో చెక్కలో తొలిచే నలుచదరపు కన్నాన్ని బెజ్జం అంటారు. కుసిని బెజ్జంలో దూర్చి, జిగురు పెట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, మర్నాడు ఆ అతుకును నడిమికి రంపంతో కోసి చూడాలి. పైకి ఎంత ముచ్చటగా ఉన్నా లోపల ఏముందో అప్పుడే తెలుస్తుందట. గంటన్నర నడుం విరగ్గొట్టుకుని చేసినదాన్ని మళ్ళీ నేనే కోయాలంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకటి రెండుసార్లు రంపం అక్కడే పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. టీ తాగి నేనే తిరిగి వచ్చేదాన్ని.

ఈ హిందీ ప్రాంతానికి వలస వచ్చిన నాన్న ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో ప్యాటర్న్ షాపు వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యాడు. ఇనుముతో పోత పోయాల్సిన వస్తువును ముందు చెక్కతో చేయాలి. దాన్ని ఇసుకలో అదిమి తీసేస్తే మిగిలే ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క వస్తువులు చేయడమే నాన్న పని. జీవితమంతా చెక్కతోనే గడిపాడు కానీ ఇంట్లో ఆయన చేసిన పీట ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు ముసిరి, మనిషి ఎదురుగా నిలబడితే ఆకారం తప్ప ముఖం ఆనడం లేదు.

నేనూ ఆదిత్యపూర్‌లోనే, బండ్ల విడిభాగాలు చేసే ఒక యూనిట్‌లో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తాను. గేజ్ పెట్టి చూడాలి. దూరితే పాస్, దూరకపోతే ఎర్ర డబ్బాలో పడేయాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వదలనని అక్కడ నా మీద కోపం చాలామందికి ఉంది. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

సిద్ధగోరాలో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయన రైల్వే కాంట్రాక్టు పని మీద చక్రధర్‌పూర్ వైపు ఉంటూ పదిహేను రోజులకోసారి వస్తాడు. మా అమ్మాయికి పదకొండేళ్ళు నిండాయి. తాత మంచానికీ కుట్టు మిషనుకీ మధ్య చాప వేసుకుని పడుకునేది. దానికి సొంత చోటు కావాలి. కిటికీకీ బీరువాకీ మధ్య ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ నాలుగడుగుల ఎత్తున మంచం కట్టి, కింద చదువుకునే బల్ల పెట్టాలని అనుకున్నాం. సాక్చి బజారులో తిరిగితే ఆ మూలకి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. కొలతకి చేసిస్తానన్న వడ్రంగి మిస్త్రీ మూడు ఆదివారాలు ఇదిగో వస్తున్నా అదిగో వస్తున్నా అని రాలేదు. నాకు పంతం వచ్చింది. నాన్న పనిముట్ల పెట్టె అటక మీది నుంచి దింపాను.

"నోరు నాది, సేతులు నీవి," అన్నాడు నాన్న. "అయితే తిన్నగా మంచం మీద పడకు. ముందు అతుకులు నేర్సుకో."

ప్యాకింగ్ పెట్టెల చెక్క తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. మొదట్లో నా భయమంతా ఉలితోనే. నాన్న కొత్తగా పదును పెట్టించిన ఉలి కాగితాన్ని కూడా నిలువునా చీల్చేది. పైగా ఆయన నా పక్కనే ఆనుకుని కూర్చుని, బెజ్జం ఎంత లోతు వచ్చిందో వేలు పెట్టి చూసేవాడు. చూపు లేని మనిషి వేలు ఎక్కడ ఉందో, నా ఉలి ఎక్కడ పడుతుందో అని నా పై ప్రాణాలు పైనే పోయేవి. 

"రెండు సేతులూ ఉలి ఎనకాలే ఉండాల," అనేవాడు ఆయన. "ముందర పెట్టినావంటే అది నీ సెయ్యి కాదనుకో." మళ్ళీ తన వేలు మాత్రం ముందరే పెట్టేవాడు.

ఐదో అతుకు దగ్గర నేనొక తెలివైన పని చేశాను. బెజ్జం పెద్దదైపోయి కుసి వదులుగా కదులుతోంది. రంపపు పొట్టులో తెల్ల జిగురు కలిపి ఆ సందులో కూరేశాను. ఆరాక రాయిలా బిగిసింది. మర్నాడు కోస్తే రంగు కూడా కలిసిపోయి చూడ్డానికి బాగానే ఉంది. నాన్న కోసిన ముఖం మీద గోటితో గీశాడు. మళ్ళీ గీశాడు.

"ఇదేటమ్మా?"

"అతుకే నాన్నా."

"కర్ర గోటికి ఇలగ రాలదు. పొట్టూ జిగురూ కూరినావు కదా."

ఆయన కోప్పడలేదు. ఆ ముక్కను పక్కన పెట్టి, తాను పనిలో కొత్తగా చేరిన రోజుల్లో జరిగినది చెప్పాడు. చెక్క అచ్చులో ఒక సందు పడితే మైనం కూరి రంగు వేసేశాడట. ఆ అచ్చుతో తయారైన మూసలోంచి పోత పోసేటప్పుడు కరిగిన ఇనుము బయటికి కారింది. పక్కన నిలబడ్డ మనిషి పాదం కాలిపోయింది.

"ఇప్పటికీ సాక్చిలో ఎప్పుడైనా అగుపడతాడు, కుంటుకుంటా. రామ్ రామ్ అంటాడు. నేనూ అంటాను," అన్నాడు. "ఆ మైనం సంగతి అతనికి తెల్దు." ఆ ముక్కను నా వైపు జరిపి, "ఇది పిల్ల తొంగునే మంచం," అన్నాడు.

నేను ఆరో అతుకు మొదలుపెట్టాను. తొమ్మిదో దానికల్లా చేయి తిరిగింది. పదకొండోదాన్ని కోసినప్పుడు కుసి, బెజ్జం రెండూ ఒకే చెక్కలా ఉన్నాయి. నాన్న బొటనవేలితో రాసి చూసి, "ఇక కర్ర తెచ్చుకో," అన్నాడు. 

మంచానికి గమ్హార్ కర్ర తెచ్చాను. మనవైపు గుమ్మడి టేకు అంటారు దాన్ని. నాలుగు కాళ్ళు, ఒక్కోటి ఆరడుగులు. మా ఇంటి గచ్చు ఎగుడుదిగుడు కాబట్టి కొలతలన్నీ పై నుంచి పెట్టమన్నాడు నాన్న. పరుపును మోసే అడ్డచెక్క, అంటే పట్టె, కూర్చునే బెజ్జం పై కొసకు రెండడుగుల కింద రావాలి. అడుగు భాగం తర్వాత కోసుకోవచ్చు. మూడు కాళ్ళకి టేపుతో కొలిచి గీశాను. నాలుగో దానికి వచ్చేసరికి టేపు కనపడలేదు. మా అమ్మాయి బడిలో ఏదో ప్రాజెక్టు ఉందని పట్టుకుపోయింది. నాన్న పెట్టెలోంచి రెండడుగుల స్టీలు స్కేలు తీశాను.

ఆ పెట్టెలో స్కేళ్ళు రెండు ఉంటాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకటి మామూలుది. రెండోది పోత స్కేలు. ఇనుము చల్లారితే కాస్త ముడుచుకుంటుంది కాబట్టి చెక్క అచ్చును ఆ మేరకు పెద్దది చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా అంగుళాలనే సాగదీసి గీసిన స్కేలు అది. అడుగుకి ఒక నూలు ఎక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకని నాన్న పోత స్కేలు కొసకి ఎర్ర రంగు పూసి ఉంచేవాడు. దాన్ని ముట్టుకున్నందుకు నాకు చిన్నప్పుడొకసారి వీపు మీద పడింది కూడా.

నేను తీసినదానికి ఎర్ర రంగు లేదు. అయినా అడిగాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని కొసలు తడిమాడు.

"ఎర్రగా ఉన్నాదా?"

"లేదు."

"అయితే మామూలుదే. గీసుకో."

అందరికన్నా నమ్మకమైన మనిషి చెప్పాక ఇంకేం కావాలి. గీశాను, తొలిచాను.

నాలుగు కాళ్ళనూ పట్టెలతో జిగురు లేకుండా కూర్చి చూసిన రోజు నాన్న బజారు వైపు వెళ్ళాడు, పక్కింటాయన తోడుతో. మూడు మూలలు చక్కగా కూర్చున్నాయి. నాలుగో కాలు మాత్రం పట్టెలను కిందికి లాగుతోంది. ఆ కాలి రెండు బెజ్జాలూ రెండు నూళ్ళు కిందికి ఉన్నాయి. అంటే పావంగుళం. అప్పుడే మెదడులో ఏదో తట్టి, టేపు తెచ్చి ఆ స్కేలు పక్కన పెట్టాను. స్కేలు మీది రెండడుగులు టేపు మీద పావంగుళం ఎక్కువ వచ్చింది.

చేయాల్సింది ఒకటే. ఆ కాలు పారేసి కొత్త కాలు చేయాలి. కర్ర అయిపోయింది. మళ్ళీ సరుకు రావడానికి మూడు వారాలన్నాడు దుకాణం వాడు. వచ్చే ఆదివారం మా ఆయన వస్తున్నాడు, మంచం నిలబెట్టడానికి మగమనిషి సాయం ఆ ఒక్క రోజే. మా అమ్మాయి అప్పటికే తన పుస్తకాలన్నీ ఆ మూలన పేర్చి, గోడకి బొమ్మలు అతికించేసింది. ఇవన్నీ సాకులని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అసలు సంగతి, నాన్న ముందు మళ్ళీ ఓడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

బెజ్జాలను పావంగుళం పైకి తొలిచాను. పట్టెలు సమంగా లేచాయి. వాటి కింద ఖాళీ పడింది. ప్యాకింగ్ చెక్క పలుచగా చీల్చి ఆ ఖాళీలో దోపి, మిగతా సందులో పొట్టూ జిగురూ కూరాను. ఆరాక చిత్రిక పట్టి, రెండు పూతల పాలిష్ వేశాను. పిల్ల బరువు ఆ మూల దేని మీద నిలబడబోతోందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఆదివారం మంచం నిలబెట్టాక నాన్న నాలుగు మూలలూ తడిమాడు. పాలిష్ మీద వేళ్ళు జారిపోయాయి.

"అన్నీ సరిగ్గా కూకున్నాయా అమ్మా?"

"కూర్చున్నాయి నాన్నా."

మా అమ్మాయి నిచ్చెనెక్కి పైన ఒక గెంతు గెంతి, "తాతా, హిల్తా భీ నహీ హై," అని అరిచింది, కదలనైనా కదలడం లేదని. దానికి మా తెలుగంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే. నాన్న ముఖం విప్పారింది.

ఆ రోజు నుంచి నాకు నెమ్మది లేదు. ఇంటి నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తే ముందు రెండు మూడు రింగులు పోనిచ్చేదాన్ని. ఒకసారి నాన్న పప్పు గిన్నె ఎక్కడుందని చేశాడు. ఆయన "అమ్మా" అన్న తర్వాత "గిన్నె" అనేలోపు నేను సగం చచ్చాను. యూనిట్‌లో ఒక పీసు గేజ్‌లో దూరకపోతే ఎర్ర డబ్బా వైపు చేయి సాగేది కాదు. ఏ ముఖం పెట్టుకుని పడేస్తానని.

పడిపోతే ఎలా పడుతుంది అని లెక్కలు కట్టేదాన్ని. నాలుగడుగులే కదా అనుకునేదాన్ని. బల్ల అంచు గుర్తొచ్చేది. బల్లను గోడ వైపుకి జరిపాను. "క్యోఁ?" అంది మా అమ్మాయి, ఎందుకని. ఊడ్చడానికి వీలుగా ఉంటుందన్నాను. వానలు మొదలయ్యాక పైన దోమలు, కింద పడుకో అన్నాను. రెండు రోజులు పడుకుని మూడో రోజు మళ్ళీ ఎక్కేసింది. కర్ర వాన తేమ పీల్చుకుంది. పిల్ల నిచ్చెన మీద కాలు పెట్టగానే ఆ మూల నుంచి 'టిక్' అని చిన్న చప్పుడు రావడం మొదలైంది.

నా ఉద్యోగం బుద్ధి ఎక్కడికి పోతుంది. పట్టె నుంచి కాలి మీదికి అడ్డంగా పెన్సిల్‌తో సన్నని గీత గీశాను. పట్టె దిగితే గీత విరిగినట్టు కనపడుతుంది. పొద్దున పనికి పోయే ముందు చూడటం, వచ్చి చెప్పులు విప్పకుండానే చూడటం. మూడు వారాలు గీత గీతలాగే ఉంది. నాలుగో వారం ఒక పొద్దున పట్టె మీది సగం ఒక దారమంత కిందికి దిగి ఉంది. కళ్ళు నులుముకుని చూశాను. గోరు పెట్టి చూశాను. దిగింది. ఆ రోజే చెప్పేయాలి కదా. చెప్పలేదు. గీత చెరిపేసి కొత్తది గీశాను.

అదే వారం నాన్నని కుడి కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళాం. కట్టు విప్పే ముందు ఆయన నా చేయి పట్టుకుని కూర్చున్నాడు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయాలి. ఆ చూపు ఇంకొన్నాళ్ళు రాకపోతే బాగుండునని నేను కోరుకున్నాను. కన్నకూతురిని, ఆయన చేయి పట్టుకునే కోరుకున్నాను.

చూపు వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని కొన్నాళ్ళు కళ్ళకు శ్రమ ఇవ్వొద్దన్నారు. నాకు గడువు దొరికినట్టయింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల నవ్వులు వినపడి వెళ్ళి చూస్తే మంచం మీద నలుగురు పిల్లలు ఉన్నారు. మా అమ్మాయి, బడి స్నేహితురాళ్ళు ముగ్గురు. అరిస్తే ఒక్కసారిగా కదులుతారని భయం. జంతికలు ఉన్నాయి, ఒక్కొక్కరే దిగండి అన్నాను. ఒకరి తర్వాత ఒకరు దిగుతుంటే నేను ఆ మూల పట్టె కింద భుజం ఆనించి నిలబడ్డాను. ఆఖరి పిల్ల దిగేదాకా భుజం తీయలేదు. నలుగురూ ఒకే కొసన ఇరుక్కుని కూర్చున్నారని, నా మూల వైపు ఎవరూ లేరని వాళ్ళు దిగుతుండగా చూశాను. అదృష్టం అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాన్న నల్లద్దాలు తీసేశాడు. లేస్తూనే మంచం దగ్గరికి వచ్చాడు. నేను పనికి తయారై జడ వేసుకుంటున్నాను. ఆయన ఒక్కో మూలా వంగి చూస్తున్నాడు. మూడో మూల, నాలుగో మూల. అక్కడ కాసేపు ఆగాడు. నేను దువ్వెన పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"బాగా సేసినావమ్మా," అన్నాడు. "నేను ఇంత బాగా సేసుంటానని సెప్పలేను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏదీ, ఓ పాలి ఎక్కు, నిన్ను పైన సూత్తాను," అని మనవరాలిని పిలిచాడు. 

నా దొంగపనిని పట్టుకోవాల్సిన మనిషే పట్టుకోలేదు. నేను అంత బాగా దాచాను. బడి యూనిఫాంలో ఉన్న మా అమ్మాయి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. 'టిక్' అంది.

"దిగు," అన్నాను. 

నా గొంతు విని ఇద్దరూ తిరిగి చూశారు. నేను పెట్టెలోంచి రంపం, ఉలి తీశాను. పరుపు లాగేసి, ఆ మూల పట్టెల కింద బల్ల జరిపి, దాని మీద ట్రంకు పెట్టె ఎత్తి ఆనించాను. బెజ్జానికి పైన ఒకటి, కింద ఒకటి కోత పెట్టి, ఉలితో ఆ పక్క చెక్క లేపేశాను. 

నేను దోపిన ప్యాకింగ్ చెక్క నలిగి అట్టలా అయిపోయింది. పొట్టూ జిగురూ వాన తేమకి మెత్తబడి, గోరు తగలకుండానే రాలింది. కుసి ఒక పక్క అంచు మీద మాత్రమే వేలాడుతోంది. అక్కడి నుంచి పట్టెలోకి వేలెడు పొడవున పగులు పాకింది. నాన్న వంగి చూశాడు. ఈసారి గోటితో గీయలేదు. పెట్టెలోంచి ఆ స్కేలు తెచ్చి, టేపు పక్కన పెట్టి, కొత్త కంటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇది పోత స్కేలేనే," అన్నాడు నెమ్మదిగా. "రంగు ఎప్పుడు పోనాదో." స్కేలు కింద పెట్టి, "మామూలుదని నేనే సెప్పినాను కదా," అన్నాడు.

"స్కేలు సంగతి నాకు కూర్చిన రోజే తెలిసింది నాన్నా. ఇది కూరింది నేనే."

ఆయన కుట్టు మిషను స్టూలు మీద కూలబడ్డాడు. నన్నేమైనా అంటే బాగుండేది. 

మా అమ్మాయి ఆ తెరిచిన మూలను చూస్తోంది. దానికి భయం వేస్తుందని, ఏడుస్తుందని, దగ్గరికి తీసుకోబోయాను. అది ఏడవలేదు. ఆ వైపు దిగుతుందని తనకు తెలుసనీ, అందుకే తలగడ రెండో కొసకి మార్చుకుని ముడుచుకుని పడుకునేదాన్ననీ, స్నేహితురాళ్ళని కూడా ఆ వైపు కూర్చోవద్దన్నాననీ మామూలుగా చెప్పింది, హిందీలోనే.

"మరి నాకు చెప్పలేదేమే?" అన్నాను.

అది నా వైపు చూసింది. ఎప్పుడూ హిందీలో జవాబు చెప్పే పిల్ల ఆ ఒక్కసారి తాత మాటలో చెప్పింది.

"నువ్వు రోజూ ఆ మూల సూత్తన్నావు కదమ్మా. నీకు తెలుసనుకున్నాను."